ఆటోలోంచి నా వెనకే దిగే అమ్మాయి

ఉప్పల్ నుంచి నాచారం వచ్చే షేర్ ఆటోలో రోజూ సాయంత్రం నీలం బ్యాగుతో ఒక అమ్మాయి కనిపిస్తుంది. నేను ఎక్కడ దిగితే అక్కడే దిగుతుంది. నా వెనకే మా గల్లీలోకి నడిచొస్తుంది. నాకు అనుమానం పట్టుకుంది.

అసలు నేను దిగేదే తప్పు చోట. నలుగురిలో గొంతెత్తి "అన్నా, ఆపు" అనాలంటే నాకు చెమటలు పడతాయి. అందుకే మా గల్లీ దాటిపోతున్నా నోరెత్తను. ఆ తర్వాత ఎవరో ఆపించిన చోట దిగి వెనక్కి నడుస్తాను. సరే, నా ఖర్మ అది. మరి ఆ అమ్మాయెందుకు వెనక్కి నడవాలి?

నలుగురిలో నోరెత్తలేని ఈ భయానికే చూపించుకుంటున్న డాక్టరుగారితో ఆ అమ్మాయి సంగతి చెబితే, "మిమ్మల్నెవరూ గమనించడం లేదండీ, అలా అనిపిస్తుందంతే. ఈసారి ఆటో మీరే ఆపించండి" అన్నారు. డాక్టరుగారి మాట మీద నాకు నమ్మకం కుదరలేదు.

అయినా ఇవాళ గల్లీ రాగానే కళ్లు మూసుకుని "అన్నా, ఇక్కడ ఆపు" అనేశాను. ఆటో ఆగింది. ఎవరూ నవ్వలేదు. నాతో పాటు ఆ అమ్మాయీ దిగింది. ఆ ఊపులోనే వెనక్కి తిరిగి అడిగేశాను.

"ఏంటమ్మా, రోజూ నా వెనకే వస్తున్నావు?"

ఆమె తల దించుకుంది. "మా ఇల్లు గీ గల్లీలనే అక్కా. ఆపమని చెప్పనీకి నాకు నోరు రాదు. మీరు చెప్తరేమో అని రోజూ మీ దిక్కే సూస్తున్న."

మీలో ఇంకెవరైనా ఇలా ఇల్లు దాటిపోయి వెనక్కి నడిచేవాళ్లుంటే చెప్పండి. డాక్టరుగారికి మాత్రం నేనొకటి చెప్పాలి. నన్నొకరు గమనిస్తున్న మాట నిజమే. ఎప్పుడు నోరు విప్పుతానా అని.