నిండు తుపాకికి పూలదండ

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల వైపు మలుపు తిరిగే చోట అల్లాబక్షు దుకాణం ఉండేది. బోర్డు మీద ‘తుపాకులు బాగుచేయబడును’ అని రాసి ఉన్నా, రోజూ వచ్చేవి పంపు స్టవ్వులు, కుట్టుమిషన్లు, చెవి పోయిన తాళాలు. తుపాకి నెలకు ఒకటి వస్తే ఎక్కువ. అయినా అద్దం కట్టించి గోడకు వేలాడదీసింది మాత్రం తుపాకులు బాగుచేసే లైసెన్సు కాగితాన్నే. దాన్ని పొడిగించుకోవడానికి గుంటూరు వెళ్ళే రోజున ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. పెళ్ళిళ్ళకు కూడా వేసుకోని చొక్కా అది.

తుపాకి అంటే ఆయనకు భయం. ఆ భయంతోనే ముప్పై ఏళ్ళు ఆ పని చేశాడు. ఎంతటి మోతుబరి వచ్చినా మెట్టు కిందే నిలబెట్టి, తుపాకి తెరిచి చూపించమనేవాడు.

“ఖాళీదేలే సాయిబూ.”

“ఖాళీదైతే చూపిస్తే అరిగిపోద్దా అండీ?”

వాళ్ళు చూపించాక మళ్ళీ తను చూసేవాడు. బాగుచేసినంతసేపూ గొట్టం మూలనున్న ఇసుక బస్తా వైపే ఉండాలి. భార్య ఖాదర్‌బీ గుమ్మంలో నిలబడి, “ఏనాడైనా నా మొహం వంక అంత జాగ్రత్తగా చూశావా?” అనేది.

“నువ్వు పేలేముందు చెప్పి పేలతావుగా” అనేవాడు ఆయన.

ఆ రోజుల్లో ఊళ్ళల్లో తుపాకులకు లైసెన్సు ఇచ్చేది పంట కాపలాకు. జొన్నచేలల్లో అడవిపందులు పడతాయని అర్జీలో రాసుకునేవారు. చేతికొచ్చాక ఆ తుపాకి పెళ్ళి ఊరేగింపులో పేలేది, మనవడు పుడితే పేలేది, పంచాయతీ ఎన్నికల్లో గెలిస్తే రెండుసార్లు పేలేది. పందులకు మాత్రం దాని అవసరం పడేది కాదు. అవి తీరిగ్గా మేసి వెళ్ళేవి.

అలాంటి తుపాకుల్లో అంకమ్మరావు గారిది ఒకటి. పత్తి, మిరప కలిపి నలభై ఎకరాల ఆసామి. ఒంటిగొట్టం తుపాకి, వెనక ఒక చిన్న ఇనుప సుత్తి, కింద మీట. సుత్తిని వెనక్కి ఎత్తి మీట నొక్కితే అది తూటా మీద పడుతుంది. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, దసరాకు మూడు వారాల ముందు, అల్లాబక్షు దానికి కొత్త స్ప్రింగు వేసి ఇచ్చాడు.

మహానవమి నాడు అంకమ్మరావు గారి సావిట్లో ఆయుధపూజ జరిగింది. నాగలి, గొర్రు, పత్తి తూచే కాటా, వాటి పక్కన పీట మీద తుపాకి. హారతి అయ్యాక ఆయన దండతో సహా తుపాకిని ఎత్తి కళ్ళకద్దుకోబోయాడు. అది ఢామ్మంది. సీసపు గుళ్లు గుమ్మంలో సగం, ఆ గుమ్మం దగ్గర కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ పాలేరు బుల్లయ్య పిక్కలో మూడు దిగాయి.

ఆసుపత్రిలో డాక్టరు పోలీసులకు కాగితం పంపకపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఎందుకంటే ఊరంతా అప్పటికే ఒక మాట మీదికి వచ్చేసింది: ప్రమాదం. పూజారి గారు అష్టమి ఘడియలు మిగిలాయన్నారు. కరణం గారు పాత ఇనుమన్నారు. కట్టు కట్టిన కాలు చాపుకుని బుల్లయ్య కూడా, “తప్పు నాదేనండీ. కాలు అక్కడ పెట్టాను” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అంకమ్మరావు గారు అల్లాబక్షు దుకాణానికి వచ్చాడు.

“సాయిబూ, ఎస్సై రేపు మా ఇంటికొస్తాడు. నిన్నూ పిలిపిస్తాడు. లోపల స్ప్రింగు అరిగింది, దానంతటదే పేలిందని ఒక్క ముక్క చెప్పు.”

“నేను ఆ స్ప్రింగేసి మూడు వారాలే గదండీ.”

“అయితే ఏమైంది? ఇనుమే గదా. దానికీ మనసు మారుద్ది.”

“అట్టా చెబితే నా లైసెన్సు పోద్దండీ.”

“లేకపోతే నాది పోద్ది! నాకు చేలున్నయ్, పందులున్నయ్. నీకేముంది? స్టవ్వులుండనే ఉన్నయ్ గదయ్యా.”

అల్లాబక్షు గోడ మీది లైసెన్సు కాగితం వంక చూశాడు. “అంకమ్మరావు గారూ, చెయ్యాల్సిందంతా చేశాక కూడా జరిగితే అది ప్రమాదమండీ. మీరేం చేశారో నాకింకా తెలియదు. చూడకుండా చెప్పలేను.”

ఆ మాటకు అంకమ్మరావు గారు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. ఖాదర్‌బీ ఆ పూట అన్నం పెడుతూ, “పెద్దోళ్ళతో మనకెందుకు? స్ప్రింగుదే తప్పంటే పోలా?” అంది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, “అప్పుడు బుల్లయ్య కాల్లో గుళ్లు నేను పెట్టినట్టే గదా” అన్నాడు.

ఎస్సై సావిట్లో కుర్చీ వేయించుకున్నాడు. ఊరి పెద్దలందరూ వచ్చారు. అల్లాబక్షు మొదట తుపాకి తెరిచి, ఖాళీదని అందరికీ చూపించాడు. మూసి, సుత్తి ఎత్తి, తుపాకి వెనక కొయ్యను నేలకేసి మూడుసార్లు కొట్టాడు. సుత్తి పడలేదు. కొయ్యముక్కతో పక్కల మీద కొట్టాడు. పడలేదు. సుత్తిని మెల్లగా దించి, తుపాకిని పీట మీద పెట్టాడు.

“మరి ఆ రోజెట్టా పడింది?” అన్నాడు ఎస్సై.

“దండ ఏసింది ఎవరండీ?” అని అడిగాడు అల్లాబక్షు.

అంకమ్మరావు గారి భార్య వెంకటేశ్వరమ్మ తలుపు వెనక నుంచి ముందుకొచ్చింది. “నేనే అన్నయ్యా.”

“అదే మాదిరి మళ్ళీ ఎయ్యమ్మా.”

ఆమె బంతిపూల దండ తెచ్చి, ఆ రోజంత శ్రద్ధగానూ వేసింది. ముందు సుత్తిని వెనక్కి ఎత్తింది.

“అదెందుకమ్మా ఎత్తటం?”

“ఎత్తకపోతే బొట్టు పెట్టటానికి చోటుండదు గదా.” బొట్టు పెట్టి, దండను గొట్టం కింద నుంచి తెచ్చి మీట చుట్టూ ఒక చుట్టు తిప్పింది. “జారిపోకుండా.”

“మరి ఆ రోజు లోపల తూటా ఉందా అమ్మా?”

అంకమ్మరావు గారు దగ్గాడు. కరణం గారు పైకప్పు వంక చూశాడు. వెంకటేశ్వరమ్మకు ఆ దగ్గు అర్థం కాలేదు.

“వుందిగా అన్నయ్యా! ఖాళీ చెంబు అమ్మవారి ముందు పెడతామా? ఖాళీ తుపాకి ఎట్టా పెడతాం? మా మామగారి నాటి నుంచీ నిండుదే పెడుతున్నాం.”

అల్లాబక్షు దండ పట్టుకుని తుపాకిని పీట మీంచి రెండంగుళాలు ఎత్తాడు. సుత్తి టక్కున పడింది. గుమ్మం దగ్గర, చంకకింద కర్రతో నిలబడ్డ బుల్లయ్య ఎగిరి పక్కకు దూకాడు.

ఎస్సై కాగితం తీశాడు. “ఇన్నేళ్ళూ పేలకపోవడమే ప్రమాదమయ్యా ఇక్కడ” అని, తుపాకిలో లోపం లేదనీ, నిండు తుపాకిని అజాగ్రత్తగా వాడారనీ రాసుకుని, దాన్ని జీపులో వేయించుకుని వెళ్ళాడు.

అల్లాబక్షు లైసెన్సు నిలిచింది. గిరాకీ మాత్రం నిలవలేదు. చుట్టుపక్కల తుపాకులున్న ఆసాములందరూ ఒక్కసారిగా నరసరావుపేట పనివాడే మంచివాడని కనుక్కున్నారు. రెండేళ్ళపాటు ఆయన స్టవ్వుల మీదే బతికాడు.

అంకమ్మరావు గారి తుపాకి ఏడాదిన్నరకు తిరిగి వచ్చింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని బండి దిగితే, వెంకటేశ్వరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అల్లాబక్షు వచ్చి తనకు దాన్ని తెరవడం నేర్పేదాకా అది గడప దాటడానికి వీల్లేదంది.

కబురు బుల్లయ్యే తెచ్చాడు, కొంచెం కుంటుతూ. అల్లాబక్షు వెళ్ళేసరికి అంకమ్మరావు గారు వాకిట్లో తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికి గంటన్నర అయిందట.

“నాకు చూపించవయ్యా, నేను మా ఇంటిదానికి చెబుతాలే” అన్నాడు ఆయన.

“మీరు పక్కకు జరగండి” అంది వెంకటేశ్వరమ్మ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. “చెప్పన్నయ్యా. ముందు ఏ వేలు ఎక్కడ పెట్టకూడదు?”