తడి నేల

"వదినా, నీ పాత సీరలియ్యి. తెల్లారేసరికి మంచుకి రింకు నేలంతా తడిసిపోద్ది, తుడవకపోతే సక్రాల బూట్లతో పిల్లలు జారిపోతారు."

"అవి బొంతకి దాసుకున్నాను. నీ ఆటకి నా సీరలేటి?"

"రేపు మేచ్ ఆగిపోతే పైఊరి జట్లు మరి రావు."

"రాకపోతే పీడా పోద్ది."

మా మరిది కంచరపాలెంలో స్కేటింగ్ హాకీ క్లబ్బు పెట్టి, కడదాకా దానికి సెక్రటరీగానే ఉన్నాడు. ఏ నేల కనబడినా వంగి, అరచెయ్యి రాసి తడి చూసేవాడు. మా వంటింట్లోనూ అంతే. చూసిచూసి నాకే విసుగొచ్చేది.

మర్నాడు లేచేసరికి నా చీరలు పెట్టెలో అలాగే ఉన్నాయి. దండెం మీద అతని పెళ్లిపంచె లేదు. సంచి పట్టుకుని రింకు దగ్గరికి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ పంచెతోనే తుడుస్తున్నాడు. సగం కూడా కాలేదు, అప్పటికే ఆయాసపడుతున్నాడు. సంచిలోంచి చీర తీసి, రెండుగా చింపి, అవతలి మూల నుంచి తుడవడం మొదలుపెట్టాను.