లెపెకా తిప్పిన గొట్టం

నడిసముద్రంలోని అటాఫు దీవిలో చర్చి నీళ్ల ట్యాంకు తాళంచెవి పద్దెనిమిదేళ్లుగా లెపెకా మెడలోనే ఉంది. చర్చి రేకుల కప్పంత పెద్ద కప్పు దీవిలో మరొకటి లేదు. దాని మీద పడిన వాన చూరు కింది దోనెలోకి, దోనె నుంచి గొట్టంలోకి, అక్కడినుంచి ఇనుప ట్యాంకులోకి చేరుతుంది. ఇళ్ల దగ్గర డ్రమ్ములు ఎండిపోయాక అందరూ బకెట్లు పట్టుకుని ఆమె ముందు నిలబడవలసిందే.

పెద్దలు ఆ పని ఆమెకు ఊరికే అప్పగించలేదు. పంతొమ్మిదో ఏట న్యూజిలాండ్ వెళ్లి, ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి ఆమె. మొగుడు ఇహాయాకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు, "నన్ను మన ఇసకలోనే పెట్టవే" అని అడిగాడు. ఇద్దరూ ఓడెక్కి వచ్చేశారు. ఏడాది తిరక్కుండానే అతను పోయాడు. ఆ తర్వాతి వారం ఒడ్డున తలకింతని చేపలు పంచుతుంటే, పంచే మనిషి జాలిపడి ఆమె వాటాలో రెండు చేపలు ఎక్కువ వేశాడు. లెపెకా వాటిని తీసి కుప్పలో పడేసింది.

"నేనొక్కదాన్నే. సరిగ్గా చూసి పంచు" అని వెళ్లిపోయింది.

తాళంచెవి ఎవరికివ్వాలో పెద్దలకు అప్పుడే తెలిసిపోయింది.

ఆదివారం విషయంలో మాత్రం ఆమె నోటికి ఊరంతా జడిసేది. ఆ రోజు దేవుడిదని దీవిలో ఎవరూ వల విసరరు, చెట్టెక్కరు, చీపురు పట్టరు. సొంత ఆడపడుచు ఫిపె ఒక ఆదివారం వాకిట్లో రాలిన ఆకులు ఊడ్చిందని పెద్దల ముందు లేచి చెప్పింది లెపెకాయే. ఫిపె చీవాట్లు తింది. అప్పటినుంచి వదిన ఎదురైతే చాలు, "ఇవాళ ఏ వారం వదినా? తుమ్మొచ్చా?" అని అడిగేది.

ఆ ఏడు నాలుగు నెలలు వాన లేదు. ఇంటికి బకెట్టు నీళ్లు కాస్తా అర బకెట్టు అయ్యాయి. లేత కొబ్బరికాయలు అయిపోయాయి. గుంటల్లో చేమాకులు పండి వాలిపోయాయి. పిల్లలకు ఒళ్లంతా సెగ్గడ్డలు. నీళ్లు తెస్తుందన్న ఓడ ఇంకో రెండు వారాలకు గాని రాదు. ట్యాంకు అడుగున జానెడు నీళ్లు మిగిలాయి. అవి నాలుగు రోజులకు వస్తాయి. ఆ సంగతి లెపెకాకు, పెద్దాయన హకాయాకు తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం సాయంత్రం మబ్బు పట్టింది. నాలుగు నెలల పక్షుల రెట్ట కప్పు మీద పేరుకుపోయి ఉంది. మొదటి వాన దాన్ని కడిగేదాకా నీళ్లు ట్యాంకులోకి రానివ్వకూడదు. లెపెకా గొట్టాన్ని ట్యాంకు మీంచి పక్కకు తిప్పింది. నాలుగు చినుకులు రాలి మబ్బు వెళ్లిపోయింది. అంతలో సాయంకాలపు ప్రార్థన గంట మోగింది. ఆమె చేతులు కడుక్కోకుండానే వెళ్లిపోయింది. గొట్టం అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం సమోవా నుంచి వచ్చిన పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టగానే కప్పు మీద గులకరాళ్లు పోసినట్టు చప్పుడైంది. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా తలలెత్తారు. ఎవరో ఏడ్చారు. లెపెకా కూడా కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది గొట్టం.

మొదట మనసును సమాధానపరచుకుంది. కప్పు కడగాలిగా, ఒక పాట పాడేంతసేపు పోతే పోనీ అనుకుంది. పాటంత సేపూ గడిచిపోయింది. బయట నీళ్లు ఇసకలోకి ధారగా పోతున్న చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఇలాంటి వాన ఎంతసేపుంటుందో ఎవరు చెప్పగలరు?

పక్కన కూర్చున్న ఫిపె గుసగుసలాడింది. "ఆ చప్పుడేంటి వదినా? ట్యాంకులో పడుతున్నట్టు లేదే."

"గొట్టం బయటికుంది."

"అయ్యో! మరి కూర్చున్నావేం?"

"ఆదివారమే ఫిపే."

"దేవుడికి తెలీదా ఏ వారమో? వాన పంపింది ఆయనేగా!"

లెపెకా లేచింది. పద్దెనిమిదేళ్లలో ప్రసంగం మధ్యలో ఆమె లేవడం అదే మొదటిసారి. ముందు వరుసలో పెద్దలు తలలు తిప్పారు. ఆమె ఎవరి వంకా చూడలేదు.

బయట గొట్టం పారుతున్న నీళ్ల బరువుకు బిగుసుకుపోయి ఉంది. శనివారం సులువుగా తిరిగిందే! రెండు చేతులతో తోసింది. చెప్పులు జారాయి. వెనకనుంచి ఇంకో రెండు చేతులు వచ్చి పడ్డాయి.

"తొయ్యి! నీళ్లు కొలిచి పోసేటప్పుడున్న బలం ఇప్పుడేమైంది?" అంది ఫిపె.

"నోరు మూసుకుని నువ్వూ తొయ్యి."

గొట్టం కిర్రుమని తిరిగింది. ఇనుప ట్యాంకులో నీళ్లు పడ్డ మోతకు లోపల పాస్టరు గారు ప్రసంగం ఆపేశారు. ఫిపె టోపీ నెత్తిమీద తడిసి ముద్దయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వారు. ఇంతలో చూరు కిందికి హకాయా వచ్చి నిలబడ్డాడు. లెపెకా నవ్వు ఆగిపోయింది.

ఆయన ట్యాంకుకు చెవి ఆనించి విన్నాడు. "వాన కప్పును బాగా కడిగిందా?"

"కడిగింది బాబాయ్."

"అయితే పదండి. ఇంకో పాటుంది."

సోమవారం పెద్దల సమావేశంలో లెపెకా తనంతట తానే లేచి, ఆదివారం పని చేశానని చెప్పింది. "శనివారం నాడే కప్పు ఊడ్పించి గొట్టం తిప్పాల్సింది. తప్పు నాదే. ఫిపె నా వెంట వచ్చింది, అంతే."

పెద్దలు హకాయా వైపు చూశారు.

"ఇప్పుడెంతుంది నీరు?" అని హకాయా అడిగాడు.

"నా భుజం దాకా."

"ఇంటికెంత పొయ్యొచ్చు?"

"మూడు బకెట్లు."

"అయితే ఇక్కడ నిలబడ్డావేం? జనం ఎండలో ఉన్నారు, పో."

ఆ సాయంత్రం దాకా ఆమె నీళ్లు పోసింది. కొలత చూడలేదు, అంచుదాకా నింపింది. బకెట్టు ఎత్తుకునేటప్పుడు కొంత ఒలికిపోయినా ఎవరినీ ఏమీ అనలేదు.