ఎడమ పక్క కమాను

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తడానికి వీల్లేదు. భయం కూలివాళ్లకు ఉంటుంది గాని మనకెందుకని మా నాయన అనేవాడు. నేనూ అలాగే పెరిగాను. వల్లకాడు పక్కనుంచి ఒంటరిగా నడిచి రమ్మన్నా వస్తాను. చదివేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేను రాస్తున్నది నా కారు గురించి, దాని ఎడమ పక్క వెనక కమాను, అంటే చక్రం మీద బరువు మోసే ఇనప పట్టీల కట్ట, చేసిన చప్పుడు గురించి.

మాది కమలాపురం దగ్గర పల్లె. మా తాత కాలంలో చుట్టుపక్కల మూడు ఊళ్ల పొలం మాదే. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి మిద్దె, కాస్త మెట్ట, నాయన కొన్న నల్ల కారు. డ్రైవరును పెట్టుకునే రోజులు పోయాయి గనక నేనే నడిపేవాణ్ణి. అది పాతకాలపు కారు. రెండు పక్కలా తలుపుల కింద పొడుగాటి ఫుట్‌బోర్డు ఉండేది.

ఎడమ పక్క ఫుట్‌బోర్డు మీద నిలబడి రావడం మా జీతగాడు పుల్లన్న పని. నాయన పెట్టిన పద్ధతి అది. కడప బజారులో వాడు కారుకు ముందు నడిచి జనాన్ని తప్పించేవాడు. ఊరు దాటగానే ఎక్కి, తలుపు పట్టుకొని నిలబడేవాడు. దారిలో ఎద్దులబండ్లు అడ్డం వస్తే కేకేసేవాడు. మా ఊరి చావడి ముందుకు వచ్చేసరికి వాడు అక్కడ నిలబడి ఉండాలి. వాణ్ణి చూసి అరుగు మీదివాళ్లు లేవాలి. లోపల కూర్చోవడం మాత్రం లేదు. వాడి కులంవాళ్లెవరూ ఆ సీటు తాకలేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం కడప నుంచి వస్తున్నాం. పుల్లన్నకు పొద్దుటి నుంచీ జ్వరం. సగం దారిలో కిటికీలోంచి లోపలికి వంగాడు.

“సామీ, కండ్లు తిరుగుతాండాయి. లోపల కింద కూకుంటా. సీటు ముట్టుకోను. ఊరు వచ్చినంక మళ్లా నిలబడతా.”

“ఇంకెంత దూరం? నిలబడు” అన్నాను.

వాడు మళ్లీ అడగలేదు.

మా ఊరికి మైలు దూరంలో, రోడ్డు కింద వాన నీళ్లు పోయే రాతి మోరీ ఉంది. అది దాటుతుండగా ఎడమ పక్క దబ్బుమని చప్పుడైంది. బండి కొంచెం పైకి లేచినట్టయింది. కమాను పట్టీ విరిగిందనుకున్నాను. ఆపలేదు. ఎండలో నడిరోడ్డు మీద ఆగి బండి కిందికి తల పెట్టడం నాకు నచ్చదు. ఇంటి వాకిట్లో ఆపి, వంగి చూశాను. కమాను బాగానే ఉంది. అప్పుడు గాని ఫుట్‌బోర్డు ఖాళీగా ఉందని గమనించలేదు.

మనుషులు పోయి చూసేసరికి మోరీ రాతికి తల పగిలి పడి ఉన్నాడు. ఎద్దులబండిలో ఊరికి తెచ్చేలోగా పోయాడు.

ఎలా పడ్డాడని చావడిలో అడిగారు. తాగి ఉన్నాడని చెప్పాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. ఇక్కడ దాచను. జ్వరంతో ఉన్నవాణ్ణి నిలబెట్టానని చెప్పుకోవడం కన్నా అదే సులువుగా ఉండింది.

నాలుగో రోజు వాడి పెండ్లాం సుంకమ్మ వచ్చి వాకిలి బయట నిలబడింది. జాతరలో అమ్మవారి కుంభం ఎత్తే హక్కు వాళ్ల ఇంటిది. ఆ ఇంటి మగవాళ్లు కల్లు, సారా ముట్టకూడదు. నా మాట విని కులపెద్దలు ఆ హక్కు తీసేసి ఇంకో ఇంటికి ఇచ్చారట.

“వాడు సుక్క ముట్టినోడు కాదు సామీ. మీకు తెలీదా? సావిట్లో ఒక్క మాట చెప్పండి. నా కొడుకు నెత్తికి ఆ కుంభం రాకపోతే మా ఇంటిపేరు పోతాది.”

“ఆ పొద్దు ముట్టినాడు” అన్నాను.

ఆమె నా ముఖం చూసింది గాని తిట్టలేదు. మా కారు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మొదటిసారి కడపకు పోయి వస్తుంటే, కడప దాటగానే ఎడమ పక్క కమాను కిర్రుమంది. బరువైన మనిషి కాలు పెట్టి ఎక్కితే వచ్చే చప్పుడు. అక్కణ్ణించి గుంట గుంటకూ మూలుగు. మోరీ దగ్గర దబ్బుమని ఒక దెబ్బ. అంతటితో చప్పుడు ఆగిపోయింది.

కడపలో మా బండి చూసేవాడు మస్తాన్ సాయిబు. నాయన కాలం నుంచీ వాడే. కమాను విప్పి, పట్టీలకు గ్రీజు పెట్టి, బుష్షులు మార్చాడు. బజారంతా తిప్పి చూపించాడు, చప్పుడు లేదు. ఇంటికి వస్తుంటే అదే చోట మొదలై, అదే చోట ఆగింది. రెండోసారి పిన్నులు మార్చాడు. మూడోసారి పట్టీల కట్ట మొత్తం కొత్తది వేశాడు. నా వేలి ఉంగరం అమ్మిన డబ్బు ఆ కట్టకే పోయింది. చప్పుడు పోలేదు.

దారిలో బండ్లవాళ్లకు తెలిసిపోయింది. ఒకనాడు నా చెవిన పడేట్టే అనుకున్నారు.

“పక్కకు తియ్యప్పా బండి. పుల్లన్న వస్తాండాడు.”

“రెడ్డి గదా వచ్చేది?”

“రెడ్డి కూడా ఉండాడులే లోపల.”

వాళ్లంతా నవ్వారు. నా కోసం తీయని బండ్లు ఆ చప్పుడు కోసం తీశారు.

నాలుగోసారి మస్తాన్‌ను బండిలో ఎక్కించుకొని తెచ్చాను. బయల్దేరే ముందు వాడు జేనతో కొలిచాడు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రెండు పక్కలా ఒకటే కొలత. కడప దాటాం. కిర్రుమంది. మస్తాన్ కిటికీలోంచి తల బయట పెట్టి చూసి, వెంటనే లోపలికి తీసుకున్నాడు. ఆపమన్నాడు. మేమిద్దరం దిగాం, బండి ఖాళీ. వాడు మళ్లీ కొలిచాడు. ఎడమ పక్క నాలుగు వేళ్లు కిందికి ఉంది. నేనూ నా చేత్తో కొలిచాను. మోరీ దాటాక ఆపి కొలిస్తే, మళ్లీ సమానం.

“ఇది నా పనిలో లేదు రెడ్డిగారూ” అన్నాడు మస్తాన్. “ఎడమ తలుపు తీసి ఒక్కసారి లోపలికి రమ్మనండి. నోటి మాటే గదా.”

“అది మా నాయన కూర్చున్న సీటు. ఆ ఫుట్‌బోర్డు కోసి పారెయ్.”

“కోస్తా. మరి వాడు యాడ నిలబడాల?”

నేను నవ్వాను. రంపం తెమ్మన్నాను.

రెండు పక్కలా కోసేశాడు. కోసిన చెక్క మా పెరట్లో పడేశాను. మర్నాటికి లేదు. సుంకమ్మ మోసుకుపోయిందని చెప్పారు. వంటచెరుకుగా వాడిందేమో, దాచుకుందేమో నేను విచారించలేదు.

నెల రోజులు బండి చప్పుడు లేకుండా నడిచింది. గెలిచాననుకున్నాను. ఆ ఏడు జాతరలో కుంభం ఇంకొకడు ఎత్తాడు. సుంకమ్మ కొడుకు జనంలో దూరంగా నిలబడి చూశాడు. నేను చావడిలోనే కూర్చొని ఉన్నాను. ఒక్క మాట చాలు. నోరు రాలేదు.

జాతర అయిన మూడో రోజు కడప నుంచి వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. వెనక సీటు ఖాళీ. కడప దాటగానే చప్పుడు వచ్చింది. కింద కమానులో కాదు. నా వీపు వెనక, సీటు లోపలి స్ప్రింగులు ఒక్కసారి కిర్రుమని అణిగాయి.

నేను వెనక్కి తిరగలేదు. మోరీ వచ్చింది. ఈసారి దెబ్బ వినపడలేదు. చావడి ముందు నుంచి పోయాను. మా వాకిట్లో బండి ఆపాక గాని ఆ స్ప్రింగులు పైకి లేవలేదు. దిగి చూస్తే సీటు ఎడమ మూల, నాయన కూర్చునేచోట, తోలు ముడత పడి ఉంది.

మస్తాన్ సీటు విప్పి చూశాడు. ఒక్క స్ప్రింగు కూడా విరగలేదు, వంగలేదు. ఎందుకని అడిగితే వాడు చేతులు తుడుచుకున్నాడు, అంతే. నాకూ తెలియదు. దయ్యమని నేను ఇప్పటికీ అనను.

పుల్లన్న ఆ రోజు తాగలేదు. ఈ మాట ఇక్కడ రాశాను. సుంకమ్మకు చదువు రాదు. చావడిలో ఇంకా చెప్పలేదు.

కారు అమ్మలేదు. నాలుగు రోజులకోసారి కడపకు పోయి వస్తూనే ఉన్నాను. వాడు ఇప్పుడు మోరీ దగ్గర పడటం లేదు. ఇంటి దాకా వస్తున్నాడు. నేను ముందు కూర్చొని తోలుతున్నాను.