సోఫా వెనక నుంచి వచ్చిన మాటలు

పెళ్ళికి ముందు మూడేళ్ళు నేను హైదరాబాదులో ఒక రేడియోల కర్మాగారంలో పనిచేశాను. తయారైన రేడియోలో గరగర ఎక్కడ పుడుతోందో, శబ్దం ఎందుకు తగ్గుతోందో విని పట్టుకోవడమే నా పని. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చేశాను. ఆర్కే పురంలోని ప్రభుత్వ క్వార్టర్‌లో నా చెవులతో ఎవరికీ అవసరం లేకపోయింది.

తొంభైల నడిమి మాట ఇది. మా ఆయన పైఅధికారిది మా కృష్ణా జిల్లానే. నోయిడాలో సొంత ఫ్లాటు కొనుక్కున్నాడు. ఆయన బావమరిది సింగపూర్ నుంచి హోమ్ థియేటర్ తెచ్చిపెట్టాడు. దాన్ని చూపించడానికి ఒక ఆదివారం తెలుగు కుటుంబాలన్నిటినీ భోజనానికి పిలిచాడు.

క్యాసెట్ పెట్టాడు. సంగీతం హోరెత్తిపోయింది కానీ మాటలు మాత్రం వినపడలేదు. వినపడాలని శబ్దం పెంచితే ఫైటింగులకి కిటికీ అద్దాలు అదిరాయి. తగ్గిస్తే మాటలు మళ్ళీ గొణుగుడయ్యాయి. నేను లేచి సోఫా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. గోడకి బిగించిన రెండు చిన్న స్పీకర్లలోంచి సన్నగా మాటలు వస్తున్నాయి. టీవీ మీద పెట్టిన మధ్య స్పీకరు దాదాపు మూగగా ఉంది.

"సార్, మధ్య స్పీకరు వైరు, వెనకవాటి వైరు ఒకదాని చోట ఒకటి పెట్టినట్టున్నారు. మారిస్తే సరిపోతుంది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వైర్లు నేనే బిగించానమ్మా. ఇదేం మిక్సీ కాదు, నువ్వు చూసి చెప్పడానికి. వెళ్ళి లోపల మీ అక్కయ్యకి కాస్త సాయం చెయ్యి."

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్ళి అధికారి భార్యతో కలిసి గంటసేపు పూరీలు ఒత్తాను. ఒత్తిన ప్రతి పూరీకీ ఆ నవ్వు వినపడుతూనే ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద మా ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ అధికారి కూడా పదిమంది ముందు నాలాగే తలదించుకోవాలని గట్టిగా అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఆ రోజు వచ్చింది. అధికారి భార్య మా పక్కింటి ఫోనుకి చేసి నన్ను పిలిపించింది. "మీ సార్ ఆదివారం వాళ్ళ బాస్‌ని పిలిచారు. మెకానిక్కు వచ్చి చూశాడు, ఏమీ లేదన్నాడు. నువ్వోసారి వచ్చి చూడవూ? ఆయనకి తెలియనివ్వనులే."

మర్నాడు బస్సు మారి నోయిడా వెళ్ళాను. ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే స్పీకర్ల వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె వెనక చేయిపెట్టాను. నేననుకున్నదే. వైర్లు మార్చి క్యాసెట్ పెట్టాను. హీరోయిన్ గొంతు టీవీలోంచే వస్తున్నట్టు స్పష్టంగా వినిపించింది. ఒక రెండు నిమిషాలు హాయిగా విన్నాను.

తరవాత వైర్లని మళ్ళీ తప్పుగా బిగించాను. అది చాలదనిపించింది. టీవీకి ఎడమవైపున్న పెద్ద స్పీకరు వెనక ఎర్ర తీగ, నల్ల తీగ కూడా అటూ ఇటూ చేశాను. అలా చేస్తే స్పీకరు పాడవదు. కానీ పెద్ద స్పీకర్లు రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగి, సంగీతంలో బరువంతా పోతుంది.

"నావల్ల కాలేదక్కయ్యా" అని టీ తాగి వచ్చేశాను.

ఆదివారం మమ్మల్నీ పిలిచారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. సార్ వాళ్ళ బాస్, ఆ పెద్దాయన, భార్యతో సోఫాలో కూర్చున్నాడు. సినిమా మొదలైన కాసేపటికి పెద్దాయన భార్య వెనక్కి తిరిగి చూసింది, ఎవరు మాట్లాడుతున్నారోనని. అధికారి రిమోట్ నొక్కీ నొక్కీ చెమటలు కక్కాడు. చివరికి పెద్దాయన లేచి, "భాయ్, ఇస్సే అచ్ఛా తో మేరా పురానా టీవీ బోల్తా హై" అన్నాడు, దీనికన్నా తన పాత టీవీయే నయంగా మాట్లాడుతుందని. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త గట్టిగానే.

అప్పుడు అధికారి తన భార్య వైపు తిరిగాడు. "దుమ్ము దులుపుతానని వైర్లు పీకేసుంటావు. నీకు తెలియని వస్తువు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు అందరి ముందూ. ఆవిడ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను గురిపెట్టింది ఆవిడకి కాదు.

తిరుగుదారిలో మా ఆయన అడిగాడు. "దాని జబ్బేంటో నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఆవేళ చెప్పాను. మీరు నవ్వారు."



మర్నాడు నోయిడా వెళ్ళి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తొణక్కుండా విన్నది.

"నాకు తెలుసు. వంటింట్లోంచి విన్నాను. రెండు నిమిషాలు మాటలు శుభ్రంగా వచ్చాయి, మళ్ళీ పోయాయి. ఏదో చేశావనుకున్నాను."

"మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఇరవై రెండేళ్ళ నుంచి ఆయన గొంతు వింటున్నాను" అంది.

"సరిచేసి వెళ్ళనా అక్కయ్యా?"

"ఏ తీగ ఎక్కడో నాకు చూపించు" అంది.

ఇద్దరం పెట్టె వెనక నేల మీద కూర్చున్నాం. తీగ చివర ఎంత రాగి బయట ఉండాలో, క్లిప్పు నొక్కి ఎలా దూర్చాలో చూపించాను. నాలుగోసారికి ఆవిడ నా సాయం లేకుండానే మార్చేసింది.

అధికారికి బదిలీ అయ్యేదాకా ఏడాది పైగా అలాగే నడిచింది. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ వైర్లు సరిచేసుకుని మధ్యాహ్నమంతా సినిమాలు చూసేది. నాలుగున్నరకి మళ్ళీ తారుమారు చేసేది. సాయంత్రం ఆయన వచ్చి రిమోట్ పట్టుకుని తిట్టుకునేవాడు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి వెళ్ళారు. వాళ్ళు సరిచేసినా మర్నాటికి మళ్ళీ మామూలే. అప్పుడప్పుడు నేనూ వెళ్ళి, సోఫాలో ఆయన కూర్చునే చోట కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆవిడతో పాటు చూసేదాన్ని.