ఒక్క పిలుపుకు ఏడుగురు గాజులోళ్ళు

సూరత్ తెలుగోళ్ళందరి ముంగట నా పరువు ఎట్ల పోయిందో జెప్త, కడుపుబ్బ నవ్వుకోండ్రి. ఆ రోజు సూరత్‌ల మేముండే ఉధ్నా మొత్తంల నవ్వనిది నేనూ, మా బాపూ ఇద్దరమే.

బాపు మరమగ్గాల కార్ఖానాల మాస్టరు. డిగ్రీ అయినంక ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదువుతనని నా పోరు, మేనమామ చీరల దుకాణంల కూసోమని బాపు పోరు. గప్పుడే ఇక్కడి మా తెలుగు నేతన్నల సంఘం ముసలోళ్ళకు సన్మానం పెట్టుకున్నది.

"వాళ్ళ పేర్ల చీటీలు నీ కంప్యూటర్ తోని చేసి చూపెట్టు. సక్కగొస్తె చదువు, లేకుంటె దుకాణం" అన్నడు బాపు.

గింతేనా అనుకున్న. సీ భాషల ప్రోగ్రాం రాసిన. లైనుకొక మనిషి: ఇంటిపేరు, పేరు, ఊరు, నడుమ కామాలు. మూడూ ఉన్నయా లేవా చూసెటందుకు, లైన్‌ను కామాల కాడ ముక్కలు చేసే స్టర్‌టోక్ అనే ఫంక్షన్‌ను పిలిచిన. మూడు ముక్కలు లెక్కకొచ్చినయ్. తర్వాత అదే లైన్‌ను చీటీ మీద ప్రింటు కొట్టిచ్చిన. చదివి చూసుకున్ననా? నేనా? మడతలు పెట్టి కవర్లేసి ఇచ్చిన.

సభల సంఘం కార్యదర్శి మొదటి చీటీ తీసిండు. "గాజుల" అని చదివి, వెనకకు తిప్పి చూసిండు. ఏం లేదు. "గాజుల గారూ" అన్నడు.

ఏడుగురు లేసిండ్రు. ఏడుగురూ స్టేజీ దిక్కు నడిసిండ్రు.

"నన్ను పిలిచిండయ్యా."

"నిన్నెట్ల? నేను నీకన్న నాలుగేండ్లు పెద్ద."

రెండో చీటీ, గాజుల. మూడోదీ గాజులే. "గీ పిల్లకు ఒక్కటే పేరొస్తదా ఏంది?" అన్నడు మల్లయ్య తాత, అందర్ల పెద్దాయన. హాలంత నవ్వు. నాకు మాత్రం మేనమామ దుకాణం కండ్ల ముంగట కనవడ్డది.

బాపు లేసి మైకు తీసుకున్నడు. చీటీలు ముట్టలే. "గాజుల మల్లయ్య, సిరిసిల్ల" అని మొదలుపెట్టి అందర్నీ నోటికే పిలిచిండు. ఒక్క పేరు తప్పుపోలే.

అంతల నేను ఓ మూలకు కూసొని ల్యాప్‌టాప్ తెరిచి, తప్పెక్కడుందో దొరకవట్టిన. సభ అయినంక బయట బైకు కాడ బాపు అడిగిండు. "ఏమైంది బిడ్డా?"

"ఆ స్టర్‌టోక్ అసలు లైన్‌నే కోస్తది బాపూ. మొదటి కామా కాడ కోసింది, ప్రింటు గాడనే ఆగింది. ఇంటిపేరే మిగిలింది."

"అంటె ముక్క చూసెటందుకు గుడ్డ తాను మొత్తాన్నే కోసినవా?"

"ఔ."

"నకలు తీసి గద కోయాలె."

"ఔ బాపూ" అన్న, ఏడుపు ఆపుకుంట.

బాపు బైకు తాళం తీసిండు. "కొత్తల నేను ఒక చీరను నడుమకు కోసిన. సేటు నన్ను ఎల్లగొట్టలే. ఎందుకు చెడిందో నీకు సమజైంది, గది చాలు. చదువుకో పో."

మర్నాడు కాలేజీ ఫారాలు రెండు తెచ్చిండు. "ఒకటి దాపెట్టుకో. కాలేజోళ్ళు కోస్తె నకలునే కోయాలె" అన్నడు.

ఇయ్యాల సూరత్‌లనే అడాజన్ దిక్కు ఒక ఆఫీసుల గదే ప్రోగ్రాంలు రాసే పని జేస్తున్న. మల్లయ్య తాత ఇప్పటికీ నన్ను "ఏం గాజులా" అనే పిలుస్తడు. మా ఇంటిపేరు అది కానే కాదు.

మీ అందరి సాక్షిగ ఒట్టేస్తున్న: నకలు తీయకుంట ఈ జన్మల ఏ లైన్‌నూ కోయ. బెండకాయలు మాత్రం అసలువే కోస్త. బాపుకు కూర కావాలె గద.