తొమ్మిదింటి పుప్పొడి

గంటమ్మకి ఆ పేరు పెట్టింది బడి పిల్లలు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బడిలో గంట కొట్టింది మరి! రిటైరై ఏడేళ్ళయినా ఆవిడ ఒంట్లోంచి గడియారం దిగలేదు. పాలవాడు ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే పల్లెత్తు మాట అనేది కాదు. గుమ్మంలో నిలబడి గోడ గడియారం కేసి చూసేది, అంతే. “నాలుగు తిట్టినా బాగుణ్ణమ్మా” అని అతను లబోదిబోమనేవాడు.

మనసు వెన్నే, కాదనను. ఎప్పుడో నోరు తెరిస్తే మాత్రం కత్తే. ఆ నోటివల్లే ఇంత కథ నడిచింది.

ఆవిడ పెరట్లో మొక్కజొన్న ఉంది. బజార్లో దొరికే పసుప్పచ్చ గింజలు కావవి, నిగనిగలాడే వంకాయ రంగువి. కొండ మీది ఊరు ఖాళీ చేసి పదకొండు కుటుంబాలు ఈ పేటలో దిగినప్పుడు, గంటమ్మ అత్తగారు ఆ గింజల్ని గుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఆ పదకొండు ఇళ్ళకీ ఒకటే కట్టుబాటు. ఎవరి పెరట్లో పండిన గింజలు వాళ్ళు విత్తకూడదు. నావి నీకిచ్చి, నీవి నేను పట్టుకెళ్ళాలి. “ఒక్కింటి గింజ ఆ ఇంట్లోనే తిరుగుతుంటే నీరసపడిపోతుందే” అనేది అత్తగారు. అలా యాభై ఏళ్ళు పుచ్చుకుంటూ, ఇచ్చుకుంటూ బతికించారు దాన్ని. తర్వాత పెరళ్ళలో మేడలు లేచాయి. పదకొండు ఇళ్ళు రెండయ్యాయి. ఒకటి గంటమ్మది, రెండోది మూడు వీధుల అవతల, బట్టలు కుట్టే తోటికోడలిది.

ఆ ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు!

అత్తగారు పోయిన రోజు ఆ తోటికోడలు, అంటే చిన్నకోడలు, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ప్రాణం పోయింది. చేతిలో సంచీతో రొప్పుతూ గుమ్మంలో నిలబడ్డ మనిషిని, చుట్టాలందరి ముందూ గంటమ్మ ఏమందో తెలుసా? “గంట కొట్టేశాక వచ్చావు” అంది. చిన్నకోడలు సంచీ చంకన పెట్టుకుని పక్కకి జరిగింది. ఆ రోజు మూసుకున్న నోరు గంటమ్మ దగ్గర మళ్ళీ తెరవలేదు. గింజలు ఇచ్చుకోవడమూ ఆగిపోయింది. ఎవరివి వాళ్ళే వేసుకున్నారు.

అత్తగారు చెప్పినట్టే అయింది. గంటమ్మ మొక్కలు ఏటేటా పొట్టివయ్యాయి. పోయినేడు పొత్తులు ఒలిస్తే ఆరేళ్ళ పిల్ల నోరులా ఉన్నాయి, నాలుగు గింజలకో సందు. కొండ దిగి, ఇంతదూరం వచ్చిన గింజ నా చేతుల్లో పోవాలా అని ఎవరూ చూడకుండా ఏడ్చింది.

పోనీ వెళ్ళి అడగొచ్చుగా? అమ్మో, తల తీసేసినట్టుండదూ! అందుకని దొంగతనానికి సిద్ధపడింది. ఈ ఏడు తన పొత్తులకి పీచు వచ్చిన రోజు ఒక పాత కవరు పట్టుకుని బయల్దేరింది. మొక్క తలమీది పూత దులిపితే పసుప్పచ్చటి పుప్పొడి రాలుతుంది. అది పీచు మీద పడితేనే గింజ కడుతుంది. తోటికోడలి మొక్కల పుప్పొడి కాస్త తెచ్చి తన మొక్కలకి చల్లుకుంటే సరి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళింది. ఆ టైముకి తోటికోడలు ఓ కునుకు తీస్తుందని ఆవిడకి తెలుసు.

పెరటి తలుపు కిర్రుమంటే పైప్రాణాలు పైనే పోయాయి. మొక్కని వంచి, కవరు పట్టి దులిపింది. రెండు చీమలు రాలాయి. ఇంకో మొక్క దులిపింది, దుమ్ము. మూడోదాన్ని విరిగేటట్టు ఊపుతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

“మధ్యాహ్నం రెండింటికి పుప్పొడేంటక్కా?”

మెడలో టేపు వేసుకుని మెట్టు మీద నిలబడి ఉంది తోటికోడలు.

“మంచు ఆరాక తొమ్మిదింటికి రాలుతుంది. ఎండెక్కితే చచ్చిపోతుంది. ముప్పై ఏళ్ళు గంట కొట్టావు, దేనికి ఏ టైమో తెలీదా?”

గంటమ్మ మొహం కందగడ్డయింది. ఇప్పుడంటుంది, గంట కొట్టేశాక వచ్చావని. అనాలి కూడా. ఆ మాట కోసమే తల వంచుకుని నిలబడింది.

తోటికోడలు ఆ మాట అనలేదు. “రేపు తొమ్మిదింటికి రా. నీ పూత కూడా పట్టుకురా. నా పొత్తులకీ పళ్ళూడిపోయాయి” అంది.

అంతే, గంటమ్మకి దుఃఖం ఆగలేదు. “ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందే చెల్లీ. నా నోరు పడిపోనూ!”

తోటికోడలు మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంది. “చేతులు వాచాయి, వదులు రవిక కుట్టవే అని అడిగింది అత్తయ్య. చివరి కుట్టు వేసి పరిగెత్తుకొచ్చా. ఆ రోజు సంచీలో ఉన్నది అదే” అంది.

గంటమ్మ ఆమె చేతులు పట్టుకుంది. చీమలున్న కవరు ఎప్పుడో కింద పడిపోయింది.

మర్నాడు ఎనిమిదిన్నరకే వెళ్ళి గేటు బయట నిలబడింది.

“లోపలికి రావేం?”

“తొమ్మిది కాలేదుగా.”

“రా అక్కా, ఇక్కడ గంటల్లేవు.”

ఆ ఏడు పొత్తులు చేతినిండా వచ్చాయి. అక్కడక్కడా సందులున్నాయి, అబద్ధమెందుకు. అయినా గంటమ్మ వీధంతా తిరిగి చూపించింది. గింజలు మార్చుకునే రోజున తోటికోడలు మూడో మూట కట్టింది.

“ఇదెవరికే?”

“పాలవాడికి. వాళ్ళింటి వెనక బోలెడు చోటుంది. రెండిళ్ళే ఉంటే, మళ్ళీ మనిద్దరం పోట్లాడుకుంటే దీని గతేం కాను?”

గంటమ్మ నవ్వేసింది. మూట తనే తీసుకెళ్ళి పాలవాడి చేతిలో పెట్టి, ఎలా వేయాలో మూడుసార్లు చెప్పింది.

వారం తర్వాత ఒక పొద్దున అతను పావుగంట ఆలస్యంగా వచ్చాడు. మొలకలు చూస్తూ ఉండిపోయానమ్మా అని గుమ్మంలో నిలబడి బిక్కమొహం వేశాడు.

గంటమ్మ గడియారం కేసి చూడలేదు. “ఎన్ని మొలిచాయి?” అని అడిగింది.